జావా వైపు పెదనాన్న, పైతాన్ వైపు మేనమామ

సోమవారం ఉదయం ఏడున్నరకు నరసరావుపేట బస్టాండులో గురజాల బస్సెక్కేటప్పుడు హరిత వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి గురజాల చేరాలి. పదిన్నరకు ఒప్పందం కాగితం మీద సంతకాలు పెట్టించుకోవాలి. పదకొండు గంటల బస్సు పట్టుకుంటే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండవచ్చు. వాళ్ళమ్మ శాంతమ్మ గోంగూర పప్పు చేస్తానంది.

సంతకాలు పెట్టవలసింది పల్నాడు కోత మిషన్ల యజమానుల సంఘం. వరి కోతలు మొదలైతే ఒక్కో రైతు మిషన్ కోసం ముప్పై నలభై ఫోన్లు చేస్తాడు. ఒక్కో యజమాని ఒకే రోజుకు నలుగురికి మాటిస్తాడు. ఆ రోజు మిషన్ ఐదోవాడి చేలో ఉంటుంది. పోయిన ఏడాది ఇలాగే జరిగి, మధ్యలో వాన పడి, వడ్లు చేలోనే మొలకెత్తాయి. రైతులు సంఘం ఆఫీసుకొచ్చి కుర్చీలు విరగ్గొట్టి వెళ్ళాక, ఎవరి ఫోన్లో వాళ్ళు మిషన్ బుక్ చేసుకునే వెబ్‌సైటు ఒకటి ఉండాలని సంఘానికి జ్ఞానోదయం అయింది.

ఆ పనే హరితకూ సుహైల్‌కూ వచ్చింది. ఇద్దరూ నరసరావుపేటలో ఒకే బడిలో చదువుకున్నారు. హరిత ఎనిమిదేళ్ళు బెంగుళూరులో, సుహైల్ తొమ్మిదేళ్ళు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేసి, ఇక చాలనుకుని ఊరికొచ్చి, పురుగుమందుల షాపు మీద రెండు గదుల ఆఫీసు తెరిచారు. పద్నాలుగు నెలల్లో రెండు కల్యాణ మండపాలకు వెబ్‌సైట్లు, ఒక స్కూలుకు హాజరు పట్టీ చేసిపెట్టారు. అంతకు మించి బేరం తగల్లేదు. ఈలోగా హరితను పాత కంపెనీ మళ్ళీ పిలిచింది. వస్తావో రావో శుక్రవారం సాయంత్రం ఆరింటిలోగా చెప్పమంది. కోత మిషన్ల పని దక్కితే ఆఫీసు ఉంటుంది. దక్కకపోతే హరిత బెంగుళూరు, సుహైల్ హైదరాబాదు, పురుగుమందుల వాసన మేడ మీద ఒంటరిగా ఉంటుంది.

ఒప్పందం కాగితంలో అన్నీ నింపారు గానీ ఒక్క గీత మాత్రం ఖాళీగా వదిలారు. సైటును ఏ ప్రోగ్రామింగ్ భాషలో తయారు చేస్తారు అన్నది అక్కడ రాయాలి. బెంగుళూరులో హరిత చేసిందంతా పైతాన్. హైదరాబాదులో బ్యాంకుల పనులు చేసిన సుహైల్‌ది జావా. ఏడాదిలో పదకొండు నెలలు ఈ సైటు మొహం ఎవరూ చూడరు, ఆ ఒక్క నెలలో మాత్రం వేలమంది ఒక్కసారిగా వచ్చి మీద పడతారు, అప్పుడు కూలబడకుండా నిలబడేది జావా ఒక్కటే అని సుహైల్ వాదన. రోజుకో మార్పు అడిగే మనుషులతో వేగాలంటే పైతాన్ తప్ప దిక్కు లేదని హరిత వాదన. రెండు వారాలుగా తేలలేదు.

"వాళ్ళనే అడుగుదాం," అన్నాడు సుహైల్ బస్సులో. "మనం మర్యాదకి అడుగుతాం. వాళ్ళు మర్యాదకి మీ ఇష్టం అంటారు. తర్వాత బొమ్మా బొరుసూ వేసుకుందాం."

హరిత సరేనంది. పల్నాడులో పుట్టి ముప్పై దాటిన ఇద్దరు మనుషులు, నలభై మంది కూర్చున్న సభను పట్టుకుని 'ఈ రెంట్లో ఏది కావాలో మీరే తేల్చండి' అని అడగడానికి సిద్ధపడ్డారు. పై ఊళ్ళ నీళ్ళు మనిషిని ఎంత పాడు చేస్తాయో చూడండి.

సంఘం అధ్యక్షుడు వెంకట్రామయ్యకు అరవై రెండేళ్ళు, ఐదు మిషన్లు, ఇస్త్రీ నలగని చొక్కా. కార్యదర్శి మౌలాలీది మాచర్ల. మెకానిక్కుగా మొదలై మూడు మిషన్లకు యజమాని అయ్యాడు. సంఘం ఆఫీసు గురజాలలోనే ఉండాలని మొదటాయన, మాచర్లకు మార్చాలని రెండో ఆయన నాలుగేళ్ళుగా పట్టుబట్టి ఉన్నారు. మౌలాలీ సుహైల్‌కు సొంత మేనమామ. ఈ బేరం తెచ్చింది ఆయనే. అందుకని వెంకట్రామయ్య ఈ వెబ్‌సైటును మొదటినుంచీ అనుమానంగానే చూస్తున్నాడు.

సంఘం ఆఫీసులో హరిత ల్యాప్‌టాప్ తెరవకముందే ఆయన విచారణ మొదలుపెట్టాడు.

"మీ అమ్మది ఏ ఊరమ్మా?"

"జూలకల్లండీ."

"జూలకల్లులో ఎవరి పిల్ల?"

"వీరరాఘవులు గారమ్మాయండీ. శాంతమ్మ."

వెంకట్రామయ్య కుర్చీలోంచి సగం లేచాడు. "ఓసి నీ దుంపతెగ! మన శాంతమ్మ కూతురివా? మా ఇంటిది మీ అమ్మకి సొంత పెదనాన్న కూతురు. నన్ను పెదనాన్నా అనాలి నువ్వు. అండీ ఏంది, అండీ?"

అంతటితో ఆయన మొహంలో అనుమానం పోయి, వెలుగు వచ్చింది. అవతలివాళ్ళకు మేనల్లుడుంటే తనకు కూతురుంది. తూకం సరిపోయింది. హరితకూ సంతోషం వేసింది. పదిన్నర కాకముందే సంతకం ఖాయమనుకుని, అడగవలసిన మాట అడిగింది.

ఒక సభ్యుడు, "తెలుగులోనే రాయకూడదా?" అన్నాడు.

"రైతుకి కనపడేదంతా తెలుగే అన్నా," అన్నాడు సుహైల్. "ఇది లోపల కంప్యూటరుకి మనం చెప్పే భాష."

"బయట రంగు కాదురా, లోపల ఇంజను సంగతి," అని మౌలాలీ అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు.

"జావా పాతది, గట్టిది. బ్యాంకులు అదే వాడతాయి. రాయడానికి టైం పడుతుంది," అంది హరిత. "పైతాన్‌లో తొందరగా రాయొచ్చు, మార్పులు తేలిక. రెంటిలో ఏదైనా మనకి బాగానే నడుస్తుంది. మీరెట్టా అంటే అట్టా."

"బ్యాంకులోళ్ళు వాడేదంటే ఇంకేంది, జావానే. రాసుకోమ్మా," అన్నాడు వెంకట్రామయ్య.

అక్కడితో అయిపోవలసింది. మౌలాలీకి నిజానికి ఏ అభిప్రాయమూ లేదు. కానీ అధ్యక్షుడు ఒక మాట అన్నాక కార్యదర్శి అదే మాట అంటే, రేపు మాచర్లలో తలెత్తుకుని తిరగలేడు.

"తొందరగా అయ్యేదాన్ని పక్కన పెట్టి ఆలస్యమయ్యేదాన్ని నెత్తికెత్తుకోడం ఏందంట? కోతలు ఆగుతాయా? పైతాన్ రాయండి."

"బ్యాంకులోళ్ళకి తెలవదా, నీకు తెలుసా?"

"బ్యాంకులోళ్ళు వరి కోస్తన్నారా?"

అరగంటలో సభ ఇరవై ఒకటిగా, పంతొమ్మిదిగా చీలింది. ఆ రెండు పేర్లూ వాళ్ళలో ఎవరికీ పొద్దున పలహారం చేసేటప్పటికి తెలియవు. అయినా ఒకాయన జావా కోసం ప్రాణమైనా ఇస్తానన్నాడు.

"మా పిల్ల ఉంది. జావాలో అది చేస్తది," అని వెంకట్రామయ్య హరిత భుజం తట్టాడు.

"మావోడు లేడా? పైతాన్‌లో వీడు చేస్తాడు," అని మౌలాలీ సుహైల్ చెయ్యి పట్టి తన పక్కకు లాక్కున్నాడు.

హరిత పెదనాన్న చెవి దగ్గరకు వంగింది. "పెదనాన్నా, అసలు సంగతేంటంటే, జావా నాకన్నా సుహైల్‌కే..."

"ఊరుకో అమ్మా! ఎదుటోళ్ళ ముందర మనోళ్ళకి రాదని చెప్పుకుంటారా ఎవరన్నా?"

సుహైల్ కూడా అటుపక్క "మామూ, నాకు పైతాన్ అంతగా..." అనేదాకా వచ్చి ఆగిపోయాడు. మేనమామ అతని చేతిని వదల్లేదు.

చివరికి పెద్దమనుషుల్లో పెట్టాలని తేల్చారు. రెండు పక్షాలూ సమానంగా భయపడే మనిషి గురజాలలో ఒక్కరే ఉన్నారు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ప్రేమమ్మ. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి, మార్కెట్ యార్డు షెడ్డులో, ఎవరి భాష తరఫున వాళ్ళ మనిషి మాట్లాడాలి.

"శుక్రవారమా? రేపు పెట్టుకోకూడదా పెదనాన్నా?" అంది హరిత ఏడుపు గొంతుతో.

"పెద్దమనుషుల్లో పెట్టిన మాట రేపటికే అంటే పలచనైపోద్దమ్మా."

హరిత ఇంటికి చేరేసరికి నాలుగు దాటింది. గోంగూర పప్పు చల్లారిపోయింది.

మంగళవారానికి సంఘం వాట్సాప్ గ్రూపు రెండయింది. ఒకదానికి పొగలొచ్చే కప్పు బొమ్మ, రెండోదానికి నీలం పసుపు రంగుల్లో పెనవేసుకున్న రెండు పాముల బొమ్మ. అవి ఆ భాషల గుర్తులు. బుధవారం నాటికి అవే బొమ్మలు ఫ్లెక్సీలకెక్కాయి. కప్పు పక్కన వెంకట్రామయ్య నమస్కారం పెడుతూ, పాముల పక్కన మౌలాలీ చెయ్యి ఊపుతూ. నాగులచవితి దగ్గర్లోనే ఉంది. పాముల ఫ్లెక్సీకి ఎవరో ఆడవాళ్ళు పసుపూ కుంకుమా పెట్టి వెళ్ళారు. మౌలాలీ అభ్యంతరం చెప్పలేదు. మద్దతు ఏ రూపంలో వస్తే ఏం?

కబురు ఊళ్ళ మీద పడ్డాక దానికి కాళ్ళొచ్చాయి. జావా గెలిస్తే జావా వాళ్ళ చేలే ముందు కోస్తారన్నారు. పైతాన్ గెలిస్తే మాచర్ల దాటి ఒక్క మిషన్ కూడా రాదన్నారు. బుధవారం మధ్యాహ్నం అచ్చంపేట దగ్గర్నుంచి ఏసయ్య అనే కౌలు రైతు హరితకు ఫోన్ చేశాడు.

"అమ్మా, నాది రెండున్నరెకరాలు. నా పేరు ఎందులో రాయించుకోమంటావు? జావాలోనా, ఇంకోదాంట్లోనా?"

"పెద్దాయనా, అది రైతులకి సంబంధం లేదు. లోపల సంగతి అది."

"నువ్వట్టానే అంటావమ్మా. పోయినేడు కూడా లోపల సంగతే అన్నారు. నా వడ్లు మొలకెత్తినయ్యి. పోనీ రెంటిలోనూ రాసుకో."

హరిత అతని పేరూ రెండున్నరెకరాలూ ఒక కాగితం మీద రాసుకుని ఫోను పెట్టేసింది. ఇంటికి వెళితే అక్కడ శాంతమ్మ ఎదురుచూస్తోంది.

"ఏమే, నువ్వు జావా తరఫున నిలబడ్డావంట గదా? పొద్దున్నుంచి పదకొండు ఫోన్లొచ్చినయ్యి. మా జూలకల్లోళ్ళంతా నీ వెనకే ఉన్నారంట. ఇంతకీ ఆ జావా అంటే ఏంది? మంచిదేనా?"

"మంచిదే అమ్మా. నాకే అంత బాగా రాదు."

"రాకపోతే నేర్చుకో. చుట్టాల ముందు పరువు తియ్యబాక," అని శాంతమ్మ గొంతు తగ్గించింది. "సుహైల్ వాళ్ళమ్మ, వెనక వీధి పీరాంబీ వదిన, రెండు రోజుల్నుంచి పెరుగు తోడుకి కూడా రావట్లా. వాళ్ళది ఇంకో పార్టీ అయ్యె. ఇరవై ఏళ్ళుగా ఒక్క ఇల్లులాగా ఉన్నాం. ఆలూ లేదు చూలూ లేదు, మీ ఇద్దరూ ఏందే ఇట్టా చేశారు?"

అటు పీరాంబీ ఇంట్లోనూ అదే వరస. సుహైల్‌కు వాళ్ళమ్మ ఆ రోజు అన్నం పెట్టి, 'మీ మామూ మాట దక్కించు' అని మాత్రం అన్నది.

గురువారం పొద్దున ఇద్దరూ ఆఫీసులో ఎదురెదురుగా కూర్చున్నారు. రేపు హరిత జావా గొప్పతనం చెప్పాలి. సుహైల్ పైతాన్ గొప్పతనం చెప్పాలి. ఎవరికి వచ్చింది వాళ్ళు చెప్పే అవకాశం లేదు.

"ఒక పని చేద్దాం," అన్నాడు సుహైల్. "జావా గురించి నేను రాసిస్తా, నువ్వు చదువు. పైతాన్ గురించి నువ్వు రాసివ్వు, నేను చదువుతా. ఏదో ఒకటి గెలుస్తది. సంతకం పడితే చాలు."

హరితకు అది సబబుగానే తోచింది. అయితే ఇద్దరికీ తమ భాష మీద ఉన్న ప్రేమ సామాన్యమైనది కాదు. రెండు వారాలుగా ఒకరినొకరు ఒప్పించలేని కసి ఉంది. ఒక్కొక్కరు నాలుగేసి పేజీలు రాశారు. సాయంత్రం దాకా ఒకరికొకరు ఒప్పజెప్పుకున్నారు. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగాలో కూడా నేర్పుకున్నారు.

శుక్రవారం మూడింటికి మార్కెట్ యార్డు షెడ్డు నిండిపోయింది. సంఘం వాళ్ళు నలభై మంది, చూడ్డానికొచ్చిన వాళ్ళు రెండొందల మంది. తూర్పు స్తంభానికి కప్పు ఫ్లెక్సీ, పడమటి స్తంభానికి పాముల ఫ్లెక్సీ. మధ్యలో ప్రేమమ్మ కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీ. ఆవిడ డెబ్బై రెండేళ్ళ మనిషి. అక్కడున్న వాళ్ళలో సగం మందిని ఒకప్పుడు బెంచీ ఎక్కించి నిలబెట్టింది. ఏసయ్య రెండు బస్సులు మారి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

ప్రేమమ్మ రావడమే నాలుగింటికి వచ్చింది. అధ్యక్షుడి పరిచయ వాక్యాలు పావుగంట పట్టాయి. సమానంగా ఉండాలి కాబట్టి కార్యదర్శివి పదహారు నిమిషాలు పట్టాయి. హరిత నిమిషానికోసారి ఫోన్లో టైం చూసుకుంటోంది.

తర్వాత హరిత లేచి జావా గురించి చెప్పింది. ఒక్కసారిగా పదివేల మంది వచ్చినా తొణకదని చెప్పింది. ముప్పై ఏళ్ళుగా పరీక్షకు నిలిచిందని చెప్పింది. ఎక్కడ తప్పు రాశామో నడవకముందే పట్టిస్తుందని చెప్పింది. వెంకట్రామయ్య వర్గం ఈలలు వేసింది. సుహైల్ లేచి పైతాన్ గురించి చెప్పాడు. పది లైన్లు రాసేచోట మూడు చాలన్నాడు. రేపు రైతు ఏదైనా మార్పు అడిగితే ఎల్లుండికల్లా చేసి ఇవ్వొచ్చన్నాడు. ఏ ఊళ్ళో ఎప్పుడు పంట కోతకొస్తుందో ముందే అంచనా కట్టడానికి దీన్ని మించింది లేదన్నాడు. మాచర్ల వాళ్ళు షెడ్డు రేకులు అదిరేలా చప్పట్లు కొట్టారు.

ప్రేమమ్మ మాత్రం చప్పట్లు వినలేదు. కళ్ళద్దాలు సర్దుకుని ఇద్దరి మొహాలకేసి మార్చి మార్చి చూస్తోంది.

"ఇందాక ఆ పిల్ల మాట్లాడుతుంటే నీ పెదాలు కదిలినయ్యి," అంది సుహైల్‌తో. హరిత వైపు తిరిగింది. "వీడు మాట్లాడుతుంటే నీయి కదిలినయ్యి. వీడు ఒక మాట మర్చిపోతే నువ్వు తల కొట్టుకున్నావు. ముప్పై మూడేళ్ళు పరీక్షలకి కాపలా కాశా నేను. ఎవడి జవాబు ఎవడు రాసిచ్చాడో నాకు తెలవదా?"

సంఘం వాళ్ళలో ఇద్దరు అలవాటు కొద్దీ లేచి చేతులు కట్టుకున్నారు.

"నిజం చెప్పండి. నువ్వు ఇన్నేళ్ళూ ఉద్యోగంలో రాసింది ఏందమ్మా?"

హరిత పెదనాన్న మొహం చూసింది. చూసి, ఇక ఏమైతే అదే అవుతుందనుకుంది. "పైతాన్, టీచరుగారూ."

"నువ్వురా?"

"జావా, టీచరుగారూ."

వెంకట్రామయ్య నెమ్మదిగా లేచాడు. ఇప్పుడు నమ్మకద్రోహం అంటాడు, కాగితం చింపేస్తాడు, మధ్యాహ్నమే బట్టలు సర్దుకుని ఉండవలసింది అనుకుంది హరిత.

"మా పిల్ల ఎనిమిదేళ్ళు చేసింది పైతానా?" అన్నాడాయన. "ఆ మాట సోమవారమే చెప్పొద్దా అమ్మా?"

"చెప్పబోయాను పెదనాన్నా. ఊరుకోమన్నారు."

"అయితే ఇందులో ఆలోచించేదేముంది? రాసుకోండి. మాది పైతాన్."

మౌలాలీ దిగ్గున లేచాడు. "అట్టయితే మావోడు జావా. వాడు ఒకపక్క, మేం ఒకపక్క ఉంటామా? మాది జావా!"

ఇరవై ఒక్క మంది ఇరవై ఒక్క మందీ ఇటే ఉన్నారు. పంతొమ్మిది మందిలో ఒక్కడూ అటునుంచి కదల్లేదు. భాషలు మాత్రం మారాయి. ఫ్లెక్సీలు విప్పి ఇటుది అటు, అటుది ఇటు కట్టడానికి పది నిమిషాలు పట్టింది. పాముల బొమ్మ పసుపు కుంకుమలతో సహా వెంకట్రామయ్య పక్కకు వచ్చింది. ఇటు మౌలాలీ ఫోటో మీద, అటు వెంకట్రామయ్య ఫోటో మీద చొక్కాలు కప్పారు. నాలుగు రోజులుగా తిట్టిన తిట్లన్నీ ఒకరికొకరు అప్పజెప్పుకోవలసి వచ్చింది. జావా కోసం ప్రాణమిస్తానన్న ఆయన ఇప్పుడు బ్యాంకులోళ్ళు వరి కోస్తన్నారా అని అడుగుతున్నాడు.

టైం ఐదూ ఇరవై. గొడవ ఎక్కడ మొదలైందో అక్కడే ఉంది.

హరితకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "పెదనాన్నా, ఇక ఆపండి! నేను ఆరింటికల్లా బెంగుళూరు వాళ్ళకి జవాబు చెప్పాలి. ఈ సంతకం పడకపోతే రేపు నేను పోవాల్సిందే. నాకు పోవాలని లేదు. మా అమ్మ దగ్గర ఉండాలని ఉంది. ఇక్కడే పని చేసుకుని బతకాలని ఉంది. మీకు ఏ భాషయినా ఒకటే గదా, మరి ఎందుకిట్టా నా బతుకు నడిబజార్లో పెట్టారు?"

వెంకట్రామయ్య చొక్కా గుండీలు చూసుకున్నాడు. ముందు వరసలోంచి ఏసయ్య లేచాడు.

"నాదొక మాటండీ. నాకు జావా తెలవదు, ఇంకోటీ తెలవదు. నెలన్నరలో నా చేను కోతకొస్తది. ఆ రోజున మిషన్ వస్తదా రాదా? అది చెప్పేది ఏదైతే అది పెట్టండి. నేను ఐదున్నర బస్సుకి పోవాల."

ప్రేమమ్మ హరితనూ సుహైల్‌నూ దగ్గరకు పిలిచింది. "రైతు బుక్ చేసుకునేది ఒక పని. ఏ మిషన్ ఎటు పోవాలో పంపేది ఇంకో పని. అవునా?"

"అవును టీచరుగారూ."

"మార్పులు ఎక్కువ వచ్చేది దేంట్లో?"

"బుకింగులో."

"బరువు ఎక్కువ పడేది?"

"మిషన్లు పంపేదాంట్లో," అన్నాడు సుహైల్.

"మొదటిది పైతాన్‌లో, రెండోది జావాలో చేస్తే ఒక్క సైటులో ఇముడుతయ్యా?"

హరిత, సుహైల్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇముడుతాయి టీచరుగారూ," అంది హరిత. "పెద్ద పెద్ద కంపెనీల్లో అట్టానే చేస్తారు."

"మరి రెండు వారాల నుంచి మీకేం రోగం?"

ప్రేమమ్మ తీర్పు చెప్పింది. పాము చావకుండా, కర్ర విరగకుండా ఉంది. రెండు వర్గాలూ తలలాడించాయి. తమకు వచ్చిన సగమే పెద్ద సగమని రెండు వర్గాలూ నమ్మాయి.

కాగితం మీద ఏ భాష ముందు రాయాలన్న దగ్గర మళ్ళీ ఆగింది. పక్కపక్కన రాస్తే ఎడమవైపు ఎవరు? పైనా కిందా రాస్తే పైన ఎవరు? ప్రేమమ్మ హరిత సంచీలోంచి రెండో నకలు లాగి, అధ్యక్షుడి కాగితంలో పైతాన్ ముందు, కార్యదర్శి కాగితంలో జావా ముందు రాసి, "నోరు మూసుకుని పెట్టండ్రా సంతకాలు," అంది. ఐదూ యాభైకి పెట్టారు.

షెడ్డులో సిగ్నల్ లేదు. రెండొందల నలభై మందీ ఒకేసారి ఫోటోలు పంపుతున్నారు. హరిత లారీల కాటా దాకా పరుగెత్తి, ఐదూ యాభై ఆరుకు బెంగుళూరుకు ఒక్క వాక్యం పంపింది. రావడం లేదని. పంపాక అక్కడే నిలబడి కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని వచ్చింది.

శనివారం ఉదయం ఆరింటికి పీరాంబీ పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. "మీవోళ్ళది ఇప్పుడు పైతానంట గదా వదినా?" అంది. "మీది జావా అంట గదా," అంది శాంతమ్మ. అటు తర్వాత ఇద్దరూ మిరపకాయల రేటు గురించి మాట్లాడుకున్నారు.

కోతలు మొదలైన మొదటి ఆదివారం పొద్దున ఒక్క గంటలో ఆరు వేల మంది సైటు మీద పడ్డారు. సుహైల్ మొహం తెల్లబడింది గానీ సైటు ఆగలేదు. సోమవారం రైతులు నాలుగు మార్పులు అడిగారు. బుధవారానికి హరిత చేసి ఇచ్చింది. ఏసయ్య చేలోకి మిషన్ చెప్పిన రోజున, చెప్పిన పూటకు వచ్చింది. అది ఎవరి భాష గొప్పతనమో సంఘంలో ఇప్పటికీ తేలలేదు. ఆఫీసు గురజాలలో ఉండాలా, మాచర్లలో ఉండాలా అన్నదీ తేలలేదు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి చిలకలూరిపేట నుంచి ఒక జిన్నింగు మిల్లు యజమాని పురుగుమందుల షాపు మేడ ఎక్కాడు. పత్తి లారీలు మిల్లు ముందు బారులు తీరుతున్నాయని, టోకెన్లు ఫోన్లోనే ఇచ్చే సైటు కావాలని, సీజన్లో ఎంతమంది వచ్చినా తట్టుకోవాలని చెప్పాడు. కుర్చీ ముందుకు జరుపుకుని, "ఇప్పుడు చానా భాషలున్నయ్యంట గదమ్మా. మాకు ఏదైతే మంచిదంటావు?" అని అడిగాడు.

హరిత టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, కాగితం కలం తీసుకుని, "ముందు మీకు పడనోళ్ళు ఎవరో చెప్పండి బాబాయ్," అంది.